ఒక వైపే వస్తోందన్నా

ఆత్మకూరు బస్టాండు చుట్టుపక్కల ఏ మొబైల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినబడుతుంది: "అన్నా, ఒక వైపే వస్తోంది." ఆ మాట అంటూనే కుర్రాడు వైరును పిన్ను దగ్గర పట్టుకుని వంచి చూపిస్తాడు. వంచితే రెండో వైపు కూడా పలుకుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. షాపతను దాన్ని చేతిలోకి కూడా తీసుకోడు. వెనక వేలాడే ప్యాకెట్ల వరస వైపు చూసి, "కొత్తది తీసుకో, నూట యాభై" అంటాడు. బేరం అయిపోతుంది. పాతది సొరుగులోకో చెత్తలోకో పోతుంది. దాంట్లో చెడింది అంగుళం వైరు. స్పీకర్లు, మైకు, బటను, మిగతా మూడున్నర అడుగుల వైరు అన్నీ బాగానే ఉంటాయి.

ఆ అంగుళాన్ని ఏం చేయాలన్నదాని మీద వాదనలకు కొదవ లేదు. కోసి కొత్త పిన్ను వేయమనేది మెకానిక్కుల మాట. వైరు ఊడదీసి మార్చుకునే రకమే కొనమని పాటల పిచ్చివాళ్లు చెబుతారు. నూట యాభైకి కొత్తది వస్తుంటే మరమ్మతేమిటని వ్యాపారి అంటాడు. కంపెనీలైతే అసలు వైరే వద్దంటున్నాయి. నాలుగింటిలోనూ నిజం ఉంది. ఏది ఎక్కడ నిజమో తేల్చడానికి వైరు ఎక్కడ తెగింది, వస్తువు ఎంత పెట్టి కొన్నది అనే రెండు సంగతులు తెలిస్తే చాలావరకు సరిపోతుంది. మూడో సంగతి, అంటే విప్పడానికి వీలుందా లేదా అన్నది, కొనేవాడి చేతిలో లేదు. నా కోపమంతా దాని మీదే.

వైర్‌లెస్ వచ్చాక ఇంకా తీగల గొడవేమిటి అనేవాళ్లు నెల్లూరు జిల్లా మెట్ట వైపు ఒకసారి రావాలి. ఆత్మకూరు, ఏఎస్‌పేట, ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కు పోయినవాళ్లు తక్కువేం కాదు. పని దిగాక అక్కణ్నుంచి చేసే వీడియో కాల్‌కు ఇక్కడ తల్లి చెవిలో ఉండేది ఎక్కువగా వైరు ఇయర్‌ఫోనే. దానికి చార్జింగు పెట్టక్కర్లేదు, ఫోనుతో జత చేయక్కర్లేదు, ఒక చెవిది మంచం కింద పడి కనపడకుండా పోదు. డీఎస్సీకో కానిస్టేబుల్ ఉద్యోగానికో చదివే పిల్లలు గంటల తరబడి యూట్యూబ్ పాఠాలు వింటారు. అంతసేపు నిలిచే బ్యాటరీ చవక బడ్స్‌లో ఉండదు. ఏఎస్‌పేట దర్గాకు మొక్కుబడితో వచ్చి రోజుల తరబడి అక్కడే ఉండిపోయేవాళ్లుంటారు. అన్ని మతాలవాళ్లూ వస్తారు, పొరుగు రాష్ట్రాలవాళ్లూ వస్తారు. పదిమంది పడుకున్న చోట ఫోన్ చూసుకోవాలంటే చెవిలో ఏదో ఒకటి ఉండాల్సిందే, చార్జింగు ప్లగ్గు దొరకడమేమో కష్టం.

ఈ వైరు కొసనున్న పిన్నుకు చాలా వయసుంది. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఒక ఊరి లైనును ఇంకో ఊరి లైనుకు కలపడానికి గుచ్చే లావు పిన్నే దీనికి మూలపురుషుడు. 19వ శతాబ్దం చివర పుట్టిన ఆ పావు అంగుళం పిన్నును మన మైక్‌సెట్టువాళ్లు ఇప్పటికీ గిటారుకూ మిక్సరుకూ వాడుతున్నారు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో అది చిక్కి 3.5 మిల్లీమీటర్లయింది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక ఆ సన్న పిన్ను ప్రపంచమంతా తిరిగింది. మన వైపు అది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో దిగింది. నారింజ రంగు స్పాంజి తొడిగిన ఆ హెడ్‌ఫోను వైరు తెగితే రేడియో మెకానిక్కు దగ్గరకు పట్టుకెళ్లేవాళ్లు. అప్పట్లో పారేయడమన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు, ఎందుకంటే మళ్లీ కొనాలంటే మళ్లీ ఎవరో ఒకరు కువైట్ నుంచి రావాలి.

వైరు లోపల ఏముందో చూడకుండా మరమ్మతు గురించి మాట్లాడటం దండగ. ఇయర్‌ఫోను వైరును గోటితో చీల్చి చూస్తే మామూలు కరెంటు వైరులో ఉండే మెరిసే రాగి పోగులు కనపడవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బంగారు రంగుల్లో వెంట్రుక మందం పోగులు కనిపిస్తాయి. మధ్యలో తెల్లటి నారపోగు ఒకటి ఉంటుంది. నారపోగు లాగుడును తట్టుకోవడానికి. రంగు మాత్రం అందానికి కాదు, ప్రతి రాగి పోగు మీదా పూసిన వార్నిషు అది. ఒకే తొడుగులో పక్కపక్కనే పడుకున్న పోగులు ఒకదానికొకటి తగిలి షార్టు కాకుండా ఆ పూతే కాపాడుతుంది. సాధారణంగా ఎరుపు కుడి చెవిది, ఆకుపచ్చో నీలమో ఎడమ చెవిది, బంగారు రంగుది రెండింటికీ ఉమ్మడి ఎర్తు. మైకుకు వేరే రంగు. ఇది చట్టమేమీ కాదు, కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మల్టీమీటరు పెట్టి చూసుకోవాల్సిందే.

ఇంట్లో చేసుకునే అతుకులు నిలవకపోవడానికి కారణం ఈ పూతే. తెగిన రెండు కొసలనూ మెలిపెట్టి సెల్లోటేపు చుడతారు. లోపల రాగి రాగిని తాకదు, వార్నిషు వార్నిషును తాకుతుంది. ఒకటి రెండు రోజులు ఎక్కడో గీసుకుపోయిన చోట కాంటాక్టు దొరికి పాట వస్తుంది, తర్వాత గరగర, ఆ తర్వాత ఏమీ ఉండదు. మోటారు వైండింగు షాపువాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్యాన్లకూ మిక్సీలకూ మోనోబ్లాక్ మోటార్లకూ వాళ్లు చుట్టేది పూత వేసిన రాగి తీగే, కనెక్షను ఇచ్చే ముందు కొసను బ్లేడుతో గీకడం వాళ్లకు చేతి అలవాటు. బోర్ల మీద బతికే మెట్టలో వైండింగు షాపు లేని పెద్ద ఊరుండదు. అంటే ఇయర్‌ఫోను బాగుచేయడానికి కావలసిన మొదటి పాఠం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. తీగ సన్నబడింది, అంతే. ఇంత సన్నటి పోగును బ్లేడుతో గీకితే తెగుతుంది, అందుకని కాల్చాలి.

ఇక ఎక్కడ తెగుతుంది? నూటికి ఎన్ని అని లెక్క చెప్పలేను గానీ, ఎక్కువగా తెగే చోట్లు ఎవరినడిగినా అవే చెబుతారు. మొదటిది పిన్ను వెనక, రబ్బరు మెడ ముగిసి వైరు మొదలయ్యే చోటు. రెండోది చెవి బుడ్డిలోకి వైరు దూరే చోటు. మూడోది వైరు రెండుగా చీలే చోటు. మెత్తటి వైరు గట్టి ముక్కలోకి పోయే చోటల్లా వంపు మొత్తం ఒక్క బిందువు మీద పడుతుంది. రాగిని అదే చోట వంచి వంచి ఆడిస్తే అది గట్టిపడి పెళుసవుతుంది. ఫోన్ చొక్కా జేబులో తలకిందులుగా పెట్టుకోవడం, పని కాగానే వైరును ఫోను చుట్టూ బిగించి చుట్టడం, పిన్ను పట్టుకోకుండా వైరు పట్టుకుని లాగడం వల్ల వంపంతా ఆ అంగుళానికే పోగవుతుంది. దానికి తోడు మా వేసవి. మెడ చెమట, తల నూనె తగిలి పైతొడుగులో మెత్తదనం ఇచ్చే పదార్థం కారిపోతుంది. వైరు మొదట జిగురుగా, తర్వాత బిరుసుగా తయారవుతుంది. పారదర్శకంగా ఉండే వైర్లలో లోపలి రాగి పచ్చబడటం చూసే ఉంటారు. అది చెమటలోని ఉప్పు చేసే పని. ఆ స్థితికి వచ్చిన వైరుకు కొత్త పిన్ను వేయడం వృథా శ్రమ, పోగులు లెడ్డును పట్టుకోవు.

ఎక్కడ తెగిందో పనిముట్లు లేకుండా చెవితోనే పట్టుకోవచ్చు. పాట పెట్టి, వైరును పిన్ను నుంచి మొదలుపెట్టి రెండు వేళ్లతో అంగుళం అంగుళం వంచుకుంటూ పైకి పోవాలి. ఎక్కడ గరగరమని మళ్లీ పలికితే తెగింది అక్కడే. ఒక వైపు పూర్తిగా మూగబోతే ఆ వైపు పోగు తెగినట్టు. ఇంతకన్నా విచిత్రమైన జబ్బు ఇంకోటి ఉంది. రెండు వైపులా సంగీతం వస్తుంది, వయొలిన్లు, తబలా, కోరస్ అన్నీ వినబడతాయి, గాయకుడు మాత్రం మాయమవుతాడు. ఎక్కడో బావిలోంచి పాడుతున్నట్టు లీలగా ఉంటాడు. పాట పాడైందనుకుని ఫోన్ మార్చి చూసేవాళ్లున్నారు. తెగింది ఉమ్మడి ఎర్తు. ఎర్తు లేనప్పుడు రెండు స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి, ఎడమకూ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే పలుకుతుంది. రికార్డింగులో గాయకుడి గొంతును సరిగ్గా మధ్యలో, రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి అది రద్దయిపోతుంది.

అదే జబ్బు వైరు తెగని హెడ్‌సెట్టులోనూ కనపడవచ్చు. మైకున్న పిన్నుకు నాలుగు మెట్లుంటాయి. కొస ఎడమ, తర్వాతది కుడి. మిగిలిన రెండింటిలో ఏది ఎర్తు, ఏది మైకు అన్నదాని మీద ఒకప్పుడు రెండు పద్ధతులు నడిచాయి. ఓఎమ్‌టీపీ అనే పాత పద్ధతిని నోకియా కాలపు ఫోన్లు కొన్ని పాటించాయి. ఇప్పుడు దాదాపు అంతటా సీటీఐఏ పద్ధతి, దీంట్లో మూడోది ఎర్తు, నాలుగోది మైకు. పాత హెడ్‌సెట్టును కొత్త ఫోనుకు పెడితే గాయకుడు మాయమవుతాడు. అప్పుడు వైరు మీదున్న కాల్ బటను నొక్కి పట్టుకోండి, గొంతు తిరిగొస్తుంది. బటను మైకునూ ఎర్తునూ కలిపేస్తుంది కనుక. ఇలాంటి కేసులో వైరు కోయడం నేరం. పదుల రూపాయల్లో దొరికే మార్పిడి ముక్క చాలు.

సరే, పిన్ను దగ్గరే తెగింది, వైరు ఇంకా మెత్తగా ఉంది అనుకుందాం. ఇక్కడ నేను మెకానిక్కు పక్షం. అరగంట పని, సామగ్రి చాలా చవక. నాలుగు మెట్ల కొత్త పిన్ను, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లెడ్డు, పేస్టు, ఒక లైటరు ఉంటే చాలు. తెగిన చోటు నుంచి రెండు సెంటీమీటర్లు వదిలి కోయాలి, ఎందుకంటే అలసిపోయిన రాగి తెగిన చోటుకు అటూ ఇటూ కూడా ఉంటుంది. కోసిన వెంటనే, మరే పనీ మొదలుపెట్టకముందు, కొత్త పిన్ను మూతనూ అతుకుల మీద తొడిగే స్లీవు ముక్కనూ వైరుకు ఎక్కించుకోవాలి. అతుకులన్నీ పూర్తయ్యాక మూత బల్ల మీద కనపడితే అంతా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాలి.

పై తొడుగును ఒకటిన్నర సెంటీమీటరు ఒలిచి, నారపోగును కత్తిరించి, రంగులవారీగా పోగుల్ని విడదీసి ఒక్కో జట్టునూ మెలిపెడతారు. లైటరు మంటను కొసకు రెప్పపాటు చూపిస్తే వార్నిషు భగ్గున మండి ఆరిపోతుంది, నల్లటి మసి మిగులుతుంది. దాన్ని వేళ్ల మధ్య గుడ్డతో తుడవాలి. ఎక్కువసేపు మంట చూపిస్తే రాగి కూడా మాడి పొడవుతుంది. చెయ్యి తిరిగినవాడు లైటరు వాడడు. ఐరన్ కొస మీద లెడ్డు బొట్టు నిలిపి, పేస్టులో ముంచిన పోగును ఆ బొట్టులో పెట్టి కదుపుతాడు. దాదాపు 380 డిగ్రీల దగ్గర పూత దానంతటదే కరిగి పొగైపోతుంది, పోగు వెండి రంగుకు తిరుగుతుంది. రంగు మారనిదే అతుకు వేయకూడదు. ఆ పొగను పీల్చకుండా కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది, లెడ్డు పట్టుకున్న చేత్తో బజ్జీ తినకపోవడం ఇంకా మంచిది.

అతికే ముందు మల్టీమీటరు. ఎర్తుకూ ఎడమకూ మధ్య పెడితే 16 లేదా 32 ఓములు చూపించాలి, చెవి బుడ్డిలో టిక్కుమని చప్పుడు రావాలి. ఏ రంగు ఏ చెవిదో ఆ టిక్కే చెబుతుంది. పిన్ను లోపల మెట్ల మధ్య ఉండేది ప్లాస్టిక్కు. ఐరన్ నాలుగైదు సెకన్లు ఎక్కువ ఆనితే అది కరిగి మెట్లు పక్కకు జరుగుతాయి, బయటికి కొత్తగా మెరుస్తున్న పిన్ను లోపల షార్టవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పిన్నును ఒక పాడైన ఫోను సాకెట్టులో గుచ్చి పెట్టి అతుకుతారు. వేడిని సాకెట్టు లాగేస్తుంది, మెట్లు కదలవు. చివర పిన్నుకున్న రెండు రెక్కలను వైరు తొడుగు మీదికి నొక్కి వంచాలి, లాగుడు అతుకు మీద కాకుండా ఆ పట్టు మీద పడాలి. చాలా షాపుల్లో ఈ ఒక్క పనిని ఎగ్గొడతారు. మరమ్మతు చేసినవి నెలకే వస్తాయన్న చెడ్డపేరు అందుకే. మూత బిగించాక మెడ దగ్గర బాల్‌పెన్ను రీఫిల్ స్ప్రింగు తొడిగితే వంపు ఒక్కచోట పడదు. చూడటానికి ముతకగా ఉంటుంది గానీ కంపెనీ మెడ కన్నా ఎక్కువ కాలం ఆగుతుంది.

చెవి బుడ్డి దగ్గర తెగితే లెక్క మారుతుంది. చవక ఇయర్‌ఫోన్ల బుడ్డిని జిగురుతో అతికిస్తారు. తెరవాలంటే బ్లేడు పెట్టి సందు విడదీయాలి, లోపల స్పీకరు వెనక గింజంత జాగాలో రెండు అతుకులు. ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనితే స్పీకరు కాయిలు పోతుంది. తిరిగి అతికించాక బుడ్డిలో గాలి చొరబడే సందు మిగిలితే బాస్ మాయమవుతుంది. నేర్చుకునేవాడికి ఇది మంచి కసరత్తు, సంపాదించేవాడికి కాదు. తల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లలో మాత్రం ఇదే పని హాయిగా సాగుతుంది. మెత్త తీస్తే మరలు, మరలు తీస్తే చెయ్యి పట్టేంత జాగా. మధ్యలో, అంటే ఏ మెడా లేని చోట తెగితే, ఎలుకో తలుపో కారణమై ఉంటుంది. పోగులను ఎదురెదురుగా అతికి, ఒక్కో రంగుకూ వేరే స్లీవు తొడిగి, మొత్తం మీద ఇంకో స్లీవు వేస్తే సరి.

ఇప్పుడు డబ్బుల సంగతి. షాపతన్ని తిట్టడం తేలిక. అతని వైపు నుంచి చూస్తే, అరగంట పనికి అతను అడగగలిగింది యాభై, అరవై రూపాయలు. అంతకు మించితే "కొత్తదే వస్తుంది కదన్నా" అంటారు. అదే అరగంటలో ఒక ఫోను డిస్‌ప్లే మారిస్తే వందలు మిగులుతాయి. ప్యాకెట్టు తీసి ఇస్తే పది సెకన్లలో నలభై, యాభై మిగులుతాయి. పైగా మరమ్మతు చేసింది మళ్లీ చెడితే మాట పడాలి, ప్యాకెట్టు చెడితే కంపెనీని తిట్టుకుంటారు. పనితనం ఊళ్లో లేకపోలేదు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో సెల్‌ఫోను మరమ్మతు 30 రోజుల కోర్సుగా నేర్పుతున్నారు. ఐరన్ పట్టడం తెలిసిన చేతులు ఏటా వస్తూనే ఉన్నాయి, ఆ చేతులకు ఈ పనిలో కూలి గిట్టడం లేదు. అందుకని నా లెక్క మొహమాటం లేకుండా చెబుతాను. నూట యాభై రూపాయల ఇయర్‌ఫోనును షాపులో బాగుచేయించడం ఎవరికీ లాభం కాదు, ఇంట్లో ఐరన్ ఉన్నవాడు చేసుకుంటే వేరు. ఐదారు వందలు దాటినదానికి పిన్ను వేయించడం నిశ్చయంగా లాభం. వెయ్యి దాటిందాన్ని వైరు తెగిందని పారేస్తే డబ్బు పారేసినట్టే.

వైరును మొదటినుంచీ అరిగిపోయే వస్తువుగా ఒప్పుకున్న తయారీదారులు లేకపోలేదు, అయితే వాళ్లంతా పనిలో వాడే హెడ్‌సెట్లు చేసినవాళ్లు. చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలను 1969లో మోసిన హెడ్‌సెట్టు అమెరికాలోని ప్లాంట్రానిక్స్ కంపెనీది. అదే కంపెనీ కాల్ సెంటర్ల కోసం వైరును మధ్యలో ఊడదీసే ముక్కతో చేసింది. హైదరాబాద్ కాల్ సెంటర్లలో పనిచేసినవాళ్లకు అది బాగా తెలుసు. టీకి లేవాలంటే తలమీది నుంచి తీయక్కర్లేదు, ముక్క ఊడదీసి లేస్తే చాలు. ఫోనువైపు వైరు పాడైతే అదొక్కటే మారుస్తారు. సెన్‌హైజర్ 1988లో తెచ్చిన హెచ్‌డీ 25కు వైరే కాదు, ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది. కెమెరామెన్లూ డీజేలూ ఇప్పటికీ దాన్ని వదలకపోవడానికి అదొక కారణం. ఆలస్యంగా ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఆడియో టెక్నికా ఎం50కి మొదట వైరు లోపలే బిగించి ఉండేది. 2014లో ఎం50ఎక్స్ అని ఊడే వైరుతో తెచ్చి, పెట్టెలోనే మూడు రకాల వైర్లు పెట్టి ఇచ్చారు. బేయర్‌డైనమిక్ వాళ్ల డీటీ 770 ప్రో 1985 నుంచి ఎన్నో స్టూడియోల్లో ఉంది. దానికి ఊడే వైరు ఇవ్వడానికి వాళ్లకు 2024 దాకా పట్టింది. నలభై ఏళ్లు దేని కోసం ఆగారో వాళ్లనే అడగాలి.

సామాన్యుడి ధరలోకి ఈ సౌకర్యం వచ్చింది మాత్రం చైనా చిన్న కంపెనీల వల్ల. కేజెడ్ లాంటివి వెయ్యి, పదిహేను వందల రూపాయల ఇయర్‌ఫోన్లకు కూడా రెండు సూదుల సాకెట్టు పెట్టాయి. వైరు తెగితే మూడు, నాలుగు వందలకు కొత్త వైరు గుచ్చుకోవచ్చు. మూన్‌డ్రాప్ వాళ్లు 2022లో చూ అనే ఇయర్‌ఫోను తెచ్చారు. ధ్వని బాగుందన్నారు, వైరు ఊడదని అందరూ తిట్టారు. మరుసటి ఏడే చూ 2 ఊడే వైరుతో వచ్చింది, ధర పెద్దగా పెరగలేదు. సాకెట్టు పెడితే ఖర్చు పెరుగుతుందన్న పెద్ద కంపెనీల వాదనకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. ఈ సాకెట్లలోనూ రకాలున్నాయి. షూర్ ఎస్ఈ215 లాంటివాటికి గుండ్రంగా తిరిగే ఎంఎంసీఎక్స్, మిగతావాటికి 0.75, 0.78 మిల్లీమీటర్ల సూదులు. చూసుకోకుండా తెప్పిస్తే పట్టదు, బలవంతంగా గుచ్చితే సాకెట్టు పగులుతుంది. ఇవి ఆత్మకూరులో దొరకవు. నెల్లూరులో కూడా వెతుక్కోవాలి. మా వైపు నుంచి ఇలాంటి సరుకు కోసం చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు పోవడం రేడియోల కాలం నుంచీ ఉంది. హైదరాబాదులో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఏఎస్‌పేటకే వస్తుంది.

బిగింపు వైరున్న పెద్ద హెడ్‌ఫోనును ఊడే వైరుదిగా మార్చుకోవచ్చన్నది చాలామందికి తట్టదు. వైరు దూరే రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, అక్కడ 3.5 సాకెట్టు బిగించి, లోపలి మూడు పోగులను దానికి అతికితే అయిపోయింది. ఇక మీదట రెండు వైపులా పిన్నున్న ఏ ఆక్స్ వైరైనా సరిపోతుంది. మైక్‌సెట్టు నడిపేవాళ్లు ఈ పని కళ్లు మూసుకుని చేస్తారు. రాములవారి పెళ్లికీ గంధోత్సవానికీ క్రిస్మస్ కూటానికీ వైర్లు అతికీ అతికీ వాళ్లు తేలినవాళ్లు. మొబైల్ షాపువాడు కాదన్న పెద్ద హెడ్‌ఫోను చేతిలో ఉంటే వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లమని నా సలహా.

వైరు మారిస్తే ధ్వని మారుతుందని వెండి పూత వైర్లను వేల రూపాయలకు అమ్మేవాళ్ల గురించి ఒక్క ముక్క చాలు. స్పీకరు అడ్డగింత 16, 32 ఓములుండగా మంచి రాగి వైరుది ఒక ఓము కూడా ఉండదు. మామూలు చెవికి అందేంత తేడా అందులో లేదు.

వైర్‌లెస్ వాదానికి వద్దాం. 2016 సెప్టెంబరులో ఐఫోన్ 7లో 3.5 సాకెట్టు తీసేయడంతో ఇది ఊపందుకుంది. ఖరీదైన ఫోన్లు వరసగా ఆ బాట పట్టాయి, ఇప్పుడు మధ్యరకం ఫోన్లలోనూ సాకెట్టు అరుదవుతోంది. వైరు లేకపోతే తెగే గొడవ లేదన్నది నిజమే. గొడవ బ్యాటరీలోకి మారింది, అంతే. గింజంత లిథియం బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది, దాన్ని మార్చడానికి బుడ్డి తెరుచుకోదు. ఎయిర్‌పాడ్స్‌ను విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ మరమ్మతు వీలుకు పదికి సున్నా వేసింది. వైరు తెగిన ఇయర్‌ఫోనుకు ఆత్మకూరులో ఇరవై రూపాయల పిన్ను దొరుకుతుంది. బ్యాటరీ పోయిన బడ్స్‌కు ఎక్కడా ఏమీ దొరకదు. తల మీద పెట్టే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొంత మేలు. బోట్ రాకర్జ్ 450 లాంటివాటికి పక్కన ఆక్స్ సాకెట్టు ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా వైరు గుచ్చి వాడుకోవచ్చు. పిల్లల చదువుకు కొనేవాళ్లు ఆ సాకెట్టు ఉందో లేదో చూసి కొనడం మంచిది. దాని గురించి పెట్టె మీద చిన్న అక్షరాల్లోనే రాస్తారు.

టైప్-సీ పిన్నుతో వచ్చే వైరు ఇయర్‌ఫోన్లు ఇంకో తలనొప్పి. 3.5 పిన్ను ఉత్త లోహం, దాన్ని కోసి ఇంకోటి వేయొచ్చు. చాలా టైప్-సీ ఇయర్‌ఫోన్లలో, అంకెల సంకేతాన్ని ధ్వనిగా మార్చే చిప్పు ఆ పిన్ను లోపలే ఉంటుంది. పిన్ను దగ్గర తెగిందని కోసేస్తే చిప్పూ పోయినట్టే, వట్టి టైప్-సీ పిన్ను కొని అతికితే ఏమీ పలకదు. దీనికి దారి ఒకటే. వైరు కొసకు 3.5 పిన్ను వేసి, విడిగా టైప్-సీ మార్పిడి వైరు కొనుక్కోవడం. అదైనా చిప్పున్నది కొనాలి. చిప్పు లేని చవక రకం కొన్ని ఫోన్లలో పలుకుతుంది, కొన్నింటిలో పలకదు. మార్పిడి వైరు తెగినా హెడ్‌సెట్టు మిగులుతుంది. కొత్త ఫోను కొన్నవాళ్లు పాత 3.5 హెడ్‌సెట్టును పారేయకుండా ఈ పద్ధతిలోనే ఉంచుకోవడం మేలు.

చట్టం ఏమంటోంది? వారంటీ కార్డుల్లో చాలావాటిలో వైరు తెగడాన్ని వాడేవాడి తప్పు కింద రాస్తారు. ఏడాది వారంటీ అని పెట్టె మీద పెద్దగా ఉంటుంది, అన్నిటికన్నా ముందు చెడేదాన్ని లోపల చిన్నగా మినహాయిస్తారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద నిధి ఖరే అధ్యక్షతన కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, టాబ్లెట్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు దాని పరిధి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచారు. తర్వాత వస్తువులకు మరమ్మతు సూచీ ఇవ్వడం మీద ఇంకో కమిటీ కూర్చుని 2025 మేలో నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, సమాచారం ఇస్తారా లాంటివాటికి మార్కులు వేసి పెట్టె మీద చూపించాలని అందులో ఉంది. మొదటి వరసలో స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లే. యూరప్ 2024లో చేసిన మరమ్మతు హక్కు చట్టం జాబితాలో వాషింగ్ మెషీను, ఫ్రిజ్జు, ఫోను ఉన్నాయి గానీ హెడ్‌ఫోను లేదు. అక్కడి బ్యాటరీ నిబంధన మాత్రం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని కూడా వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలంటోంది. ఇయర్‌బడ్స్ కంపెనీలు డిజైను మార్చుకోక తప్పదు, ఆ మార్పు ఇక్కడికీ రావచ్చు.

మన సూచీ హెడ్‌సెట్ల దాకా వస్తే మార్కులు ఎలా వేయాలన్నదానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వైరు ఊడుతుందా అన్నదానికి సగం మార్కులు, ఊడకపోతే బుడ్డి జిగురుతో మూశారా మరతోనా అన్నదానికి పావు, పోగుల రంగుల వివరం పెట్టెలోని కాగితం మీద అచ్చు వేశారా అన్నదానికి మిగతా పావు వేస్తే చాలు. చివరిదానికి కంపెనీకయ్యే ఖర్చు ఒక్క వాక్యం సిరా. అది ఉంటే ఆత్మకూరు షాపులో మల్టీమీటరుతో టిక్కు టిక్కుమంటూ వెతికే పావుగంట మిగులుతుంది, యాభై రూపాయల కూలి అప్పుడు కాస్త గిడుతుంది.